అమెరికా వీసా ఉన్నా అమ్మానాన్నలను శంషాబాద్‌లోనే ఆపేశారు. ఇది నిజంగా రూలేనా?

తెనాలి_కుర్రాడు
నిన్న రాత్రి అమ్మానాన్నలను శంషాబాద్‌లో విమానం ఎక్కనివ్వలేదు. ఇద్దరికీ పదేళ్ల అమెరికా విజిటర్ వీసా ఉంది, ఇంకా చాలా ఏళ్లు చెల్లుతుంది. పాస్‌పోర్టులు కొత్తవి. టికెట్ హైదరాబాద్ నుంచి ఢిల్లీ, ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్ మీదుగా చికాగో. అంతా ఒకే పీఎన్‌ఆర్. కౌంటర్‌లో అమ్మాయి పాస్‌పోర్టులు తిరగేసి, సిస్టమ్‌లో ఏదో చూసి, "షెంగెన్ వీసా ఏదండీ?" అని అడిగిందట, అంటే జర్మనీతో సహా చాలా ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చే వీసా. "మేం జర్మనీ చూడ్డానికి పోవట్లేదమ్మా, అక్కడ విమానం మారతామంతే" అని నాన్న చెప్పారు. లోపలికి వెళ్లి ఇంకొకాయన్ని పిలుచుకొచ్చింది. ఆయనా అదే మాట. గంటన్నర అలాగే ఉంచి, చివరికి "ఎక్కించలేం, మీ అబ్బాయితో మాట్లాడుకోండి" అన్నారు. అమ్మ వీల్‌చెయిర్‌లో ఓ పక్కన కూర్చునే ఉంది. నాకిక్కడ పొద్దున పదకొండు, మీటింగ్‌లో ఉన్నాను. బయటికొచ్చి చూస్తే నాన్న నుంచి తొమ్మిది మిస్డ్ కాల్స్.

వచ్చే వారం చెల్లికి డెలివరీ డేట్. ఆ పురుడు కోసమే వాళ్లు బయల్దేరారు. అర్ధరాత్రి క్యాబ్ మాట్లాడుకుని కూకట్‌పల్లిలో పెదనాన్న వాళ్లింటికి చేరారు. అమ్మ ఏడుస్తోంది, నాన్న అసలు మాట్లాడట్లేదు. ఇది నిజంగా రూలా, కౌంటర్ వాళ్ల పొరపాటా? నేనిప్పుడు ఏం చేయాలి?

గోదారి_గట్టు
కచ్చితంగా వాళ్ల పొరపాటే. అమెరికా వీసా ఉంటే జర్మనీలో ట్రాన్సిట్ వీసా అక్కర్లేదు. మా అత్తగారు రెండుసార్లు ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానే వచ్చారు, ఎవరూ ఏమీ అడగలేదు. గట్టిగా పోట్లాడు తమ్ముడూ, వదలకు.

డల్లాస్_వదిన
అయ్యో, అమ్మ ఎలా ఉన్నారు ఇప్పుడు? ముందు వాళ్లను కాస్త పడుకోనివ్వు. టికెట్ సంగతి రేపైనా చూసుకోవచ్చు.

కౌంటర్_పాతకాపు
రేపటిదాకా ఆగొద్దు, ఇప్పుడే ఎయిర్‌లైన్‌కు ఫోన్ చెయ్యి. వాళ్లు ఎక్కలేదు కాబట్టి సిస్టమ్‌లో "నో షో" అని పడే అవకాశం ఉంది. అలా పడితే మిగతా ప్రయాణం, తిరుగు టికెట్టు కూడా వాటంతటవే రద్దయిపోతాయి. "ప్రయాణికులు కౌంటర్‌కు వచ్చారు, డాక్యుమెంట్ల వల్ల ఎక్కించలేదు" అని రికార్డులో రాయించు. అది చేసి రా, మిగతాది చెప్తాను.

తెనాలి_కుర్రాడు
ఫోన్ చేశానండి. నలభై నిమిషాలు లైన్లో ఉంచారు గానీ రాయించాను. చెప్పండి.

కౌంటర్_పాతకాపు
పదకొండేళ్లు చెకిన్ కౌంటర్‌లో పనిచేశాను, ఇప్పుడు మానేశాను. కాబట్టి ఏ ఎయిర్‌లైన్ తరఫునా మాట్లాడట్లేదు.

గోదారి_గట్టు గారు చెప్పింది సగం నిజం. వాళ్ల అత్తగారు మారింది ఒక్క ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే. విమానం దిగి, అంతర్జాతీయ ప్రయాణికులుండే భాగంలోనే నడిచి, నేరుగా అమెరికా విమానం ఎక్కేశారు. జర్మనీ ఇమిగ్రేషన్ దాటలేదు. దాన్ని ఎయిర్‌పోర్ట్ ట్రాన్సిట్ అంటారు. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే దానికి వేరే వీసా అక్కర్లేదు.

మీ అమ్మానాన్నల టికెట్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మ్యూనిక్ ఉంది. అది జర్మనీ లోపలి విమానం. అది ఎక్కాలంటే ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇమిగ్రేషన్ దాటి దేశంలోకి అడుగు పెట్టాల్సిందే. అడుగు పెట్టాలంటే షెంగెన్ వీసా ఉండాలి. పారిస్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ అయినా ఇంతే, ఎందుకంటే షెంగెన్ దేశాల మధ్య విమానాన్ని కూడా లోపలి విమానంగానే చూస్తారు. అమెరికా వీసా ఇక్కడ పనికిరాదు. కౌంటర్ అమ్మాయి చేసింది రూల్ ప్రకారమే. అయితే అమ్మను అంతసేపు అలా కూర్చోబెట్టడం మాత్రం తప్పు.

రైలుపట్టా
ఇంకా సులువుగా చెప్తా. ఎంజీబీఎస్‌లో ఒక ప్లాట్‌ఫాం మీద దిగి ఇంకో ప్లాట్‌ఫాం మీద బస్సెక్కితే బస్టాండ్ దాటలేదు. కానీ తర్వాతి బస్సు జేబీఎస్‌లో ఉందనుకోండి, రోడ్డు మీదికి రావాల్సిందే కదా. రెండు షెంగెన్ ఎయిర్‌పోర్టులంటే రోడ్డు మీదికి వచ్చినట్టే.

గోదారి_గట్టు
ఇప్పుడు అర్థమైంది. పోట్లాడమని చెప్పినందుకు సారీ తమ్ముడూ. నాకు నిజంగా తెలియదు.

సీమ_బిడ్డ
అలాంటప్పుడు ఆ టికెట్ అమ్మడమెందుకు? పాస్‌పోర్టు ఇండియాది అని బుక్ చేసేటప్పుడే అడుగుతారు కదా. డబ్బు తీసుకునేటప్పుడు గుర్తురాని రూల్, ముసలివాళ్లు సూట్‌కేసులతో వచ్చి నిలబడ్డాక గుర్తొస్తుందా?

కౌంటర్_పాతకాపు
మీ కోపం న్యాయమే. కానీ అమ్మే సైటు చూసేది సీటూ, ధరా మాత్రమే. "డాక్యుమెంట్లు చూసుకోవలసిన బాధ్యత ప్రయాణికుడిదే" అని షరతుల్లో ఎక్కడో ఒక లైను ఉంటుంది. కౌంటర్‌లో మేం చూసేది టైమాటిక్. విమానయాన సంస్థల సంఘం ఐఏటీఏ నడిపే సమాచారమది. ప్రయాణికుడి జాతీయత, ఏ వీసాలున్నాయి, ఎక్కడ మారతారు, ఎక్కడికి వెళ్తారు అని ఇస్తే సరిపోతుందో లేదో చెప్తుంది. అందులో సరిపోదని వచ్చాక ఎక్కిస్తే, అవతలి దేశం ఎయిర్‌లైన్‌కు జరిమానా వేస్తుంది. బ్రిటన్‌లో అయితే సరైన కాగితాలు లేని ఒక్కో ప్రయాణికుడికి 2,000 పౌండ్లు. పైగా వాళ్లను వెనక్కి తీసుకురావలసిన బాధ్యత కూడా ఎయిర్‌లైన్‌దే. అందుకే అనుమానం ఉంటే కౌంటర్‌లో ఎవరూ "పోనీలే" అనరు.

తెనాలి_కుర్రాడు
ఒక విషయం చెప్పడం మర్చిపోయాను. నేను మొదట కొన్న టికెట్ ఇది కాదు. ఢిల్లీ, ఫ్రాంక్‌ఫర్ట్, అక్కడి నుంచి నేరుగా చికాగో. మూడు వారాల కిందట ఎయిర్‌లైన్ నుంచి "మీ ప్రయాణ సమయంలో మార్పు" అని మెయిల్ వచ్చింది. కొత్త దారిలో మ్యూనిక్ చేర్చారు. కింద "అంగీకరిస్తున్నాను" అని బటన్ ఉంది. రెండు గంటలే తేడా కదా అని నొక్కేశాను. వీసా గురించి ఆ మెయిల్లో ఒక్క ముక్క లేదు. ఇప్పుడు మళ్లీ తెరిచి అక్షరం అక్షరం చదివాను.

కౌంటర్_పాతకాపు
ఇది ముందే చెప్పాల్సింది! కథ మొత్తం మారిపోయింది. ఆ మెయిల్ జాగ్రత్తగా దాచు, పాత టికెట్ పీడీఎఫ్ కూడా.

లెక్కల_మాస్టారు
మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రూల్ ప్రకారం బోర్డింగ్ నిరాకరిస్తే పరిహారం ఉంది. 24 గంటల్లోపు వేరే విమానం ఇస్తే వన్ వే ఛార్జీకి రెండింతలు, 10,000 రూపాయలకు మించకుండా. 24 గంటలు దాటితే నాలుగింతలు, 20,000 మించకుండా. ఇద్దరికి కలిపి 40,000 అడగొచ్చు.

కౌంటర్_పాతకాపు
మాస్టారూ, అంకెలు సరైనవే కానీ ఆ పరిహారం ఓవర్‌బుకింగ్‌కు. అంటే ఉన్న సీట్ల కన్నా ఎక్కువ టికెట్లు అమ్మి మనల్ని ఆపేసినప్పుడు. కాగితాలు సరిపోక ఆపితే అది వర్తించదు. ఐరోపా పరిహార చట్టం 261/2004లో కూడా సరైన డాక్యుమెంట్లు లేకపోవడం మినహాయింపే. తెనాలి తమ్ముడు పట్టుకోవలసింది పరిహారం కాదు, దారి మార్చింది మీరు అనే పాయింటు. నేను కొన్న టికెట్‌కు నా దగ్గరున్న వీసా చాలు, మీరు మార్చిన టికెట్‌కు చాలదు, కాబట్టి మళ్లీ ఒకే ట్రాన్సిట్ ఉన్న దారిలో వెయ్యండి అని అడగాలి. గొంతు పెంచకుండా, మెయిల్ తేదీతో సహా.

పాస్‌పోర్ట్_పిచ్చి
వాళ్లు "మీరు అంగీకరించారు కదా" అంటారు చూడండి.

సీమ_బిడ్డ
అంటే అననీ. మెయిల్లో వీసా మాట లేదు. వాళ్ల నాన్న తెనాలిలో ఉంటారు కాబట్టి గుంటూరు వినియోగదారుల కమిషన్‌లో వేయొచ్చు. 2019 చట్టం వచ్చాక కేసు మనం ఉండే ఊరు నుంచే వేసుకోవచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే. అంతకుముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్, విమాన ప్రయాణికుల ఫిర్యాదుల కోసం ప్రభుత్వం నడిపే ఎయిర్‌సేవాలో ఫిర్యాదు. రెండూ ఉచితమే.

లెక్కల_మాస్టారు
ఒప్పుకుంటాను, నాకు ఆ తేడా తెలియదు. ఇంకో సంగతి, ఇది మాత్రం గట్టిగా తెలుసు. ఒక్క పైసా రీఫండ్ లేని టికెట్ అయినా, ప్రయాణం చేయకపోతే ప్రభుత్వ పన్నులూ ఎయిర్‌పోర్టు యూజర్ ఫీజూ తిరిగి ఇవ్వాలి. మా బావమరిదికి అడిగితేనే ఇచ్చారు, అడక్కపోతే ఇవ్వరు.

నైట్‌షిఫ్ట్_నాని
నాది 2023 నాటి సంగతి. హెచ్-1బీ వర్క్ వీసా మీద ఉన్నాను. పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు అయిపోయింది, ఐ-797 పొడిగింపు కాగితం ఉంది. ఇండియాకు ఐరోపా మీదుగా టికెట్ తీసుకున్నాను. అమెరికాలో ఉండటానికి ఆ కాగితం చాలు కదా, దారిలో ఎందుకు చాలదు అనుకున్నాను. కౌంటర్‌లో ఒప్పుకోలేదు. "పాస్‌పోర్టులో చెల్లే వీసా ఏది?" అన్నారు. ఐ-797 అమెరికా లోపలి కాగితం, దాన్ని వీసాగా చూడలేమన్నారు. తాతయ్య పన్నెండో రోజుకు వెళ్లాల్సిన ప్రయాణం అది. గల్ఫ్ మీదుగా కొత్త టికెట్ కొనుక్కుని వెళ్లేసరికి కార్యం అయిపోయింది. ఇప్పటికీ తలుచుకుంటే కడుపులో దేవినట్టు ఉంటుంది.

డల్లాస్_వదిన
ఎంత బాధ పడి ఉంటావో నాని. ఇలాంటివి ఎవరైనా ముందే చెప్తే బాగుండేది అనిపిస్తుంది.

మాకు జరిగింది ఉల్టా దారిలో. పాప ఇక్కడే పుట్టింది, అమెరికా పాస్‌పోర్టు. ఓసీఐ (భారత మూలాలున్న విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఇంకా రాలేదని ఇండియా ఈ-వీసాకు అప్లై చేశాను. గూగుల్‌లో మొదట కనిపించిన సైటు అచ్చం గవర్నమెంటుది లాగే ఉంది, మూడింతలు డబ్బు తీసుకుంది. వాళ్లు పంపిన కాగితంలో పాస్‌పోర్టు నంబర్‌లో ఒక అంకె తప్పు. ఎయిర్‌పోర్టులో కౌంటర్ ఆవిడ అంకెల మీద వేలు పెట్టి చూపించేదాకా నాకు తెలియలేదు. అమెరికా పాస్‌పోర్టుకు ఇండియాలో దిగాక వీసా ఇచ్చే పద్ధతి లేదు. పాపను వదిలి వెళ్లలేం కదా, నలుగురం ఆగిపోయాం. అసలు సైటు చిరునామా చివర జీఓవీ డాట్ ఇన్ ఉంటుంది. కనీసం నాలుగు రోజుల ముందు అప్లై చేయాలి. వచ్చాక పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని ఒక్కో అంకె చూసుకోండి.

జగిత్యాల_అన్న
అమెరికా ముచ్చట్లేనా, గల్ఫ్‌కు పోయేవాళ్ల సంగతి కూడా ఎవరన్నా చెప్పాలి కదా. మా దిక్కు ఊరికి పది మందైనా ఇట్ల ఆగినవాళ్లు ఉంటారు. మొదటిది "ఓకే టు బోర్డ్". వీసా కాగితం చేతిలో ఉంటది, టికెట్ ఉంటది, కానీ ఎయిర్‌లైన్ రికార్డులో ఆ మాట పడకపోతే కొన్ని ఎయిర్‌లైన్లు ఎక్కనివ్వవు. ఏజెంటు "చేసిన" అంటడు, చేయడు. ప్రయాణం రెండు రోజులుందనగా ఎయిర్‌లైన్‌కు మీరే ఫోన్ చేసి అడగండి.

రెండోది ఈసీఆర్ పాస్‌పోర్టు. పదో తరగతి పాస్ కానివాళ్లకు వస్తది. గల్ఫ్ దేశాలు, మలేషియా అన్నీ కలిపి 18 దేశాలకు పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. మా చిన్నాన్న కొడుకును ఏజెంటు విజిట్ వీసా మీద పంపించిండు, "అక్కడ దిగినంక వర్క్ వీసాకు మారుస్తం" అని. ఎయిర్‌లైన్ బోర్డింగ్ పాస్ ఇచ్చింది కూడా. ఇమిగ్రేషన్‌లో ఆఫీసర్ రెండు ప్రశ్నలు అడిగిండు: ఏం పని మీద పోతున్నవ్, ఎన్ని రోజులు ఉంటవ్. పిలగాడు భయపడి నిజం చెప్పిండు. ఆఫ్‌లోడ్ చేసిండ్రు, అంటే విమానం ఎక్కనియ్యకుండ ఆపేసిండ్రు. లక్షా ఇరవై వేలు అప్పు తెచ్చి కట్టినం. ఆఫీసర్‌ను తప్పుపట్టను. అట్ల పోయి అక్కడ పట్టుబడితే మావోడి బతుకు ఇంకా అధ్వానం అయ్యేది. క్లియరెన్స్ తీసుకుని పోతే పది లక్షల బీమా కూడా ఉంటది. ఏజెంటు ఈ సంగతి చెప్పడు.

కౌంటర్_పాతకాపు
అన్న చెప్పింది ముఖ్యం. ఎయిర్‌లైన్ కౌంటర్ వేరు, ఇమిగ్రేషన్ కౌంటర్ వేరు. ఒకటి దాటితే రెండోదీ దాటినట్టు కాదు.

సీమ_బిడ్డ
అన్నా, ఏజెంటు మీద కంప్లైంట్ ఇచ్చారా?

జగిత్యాల_అన్న
ఇచ్చినం. సగం పైసలు వచ్చినయ్. మిగతాదానికి ఇంకా తిరుగుతున్నం.

పాస్‌పోర్ట్_పిచ్చి
పేర్ల గొడవ ఎవరూ ఎత్తలేదేం? మనవాళ్లలో చాలామంది పాత పాస్‌పోర్టుల్లో సర్‌నేమ్ గడి ఖాళీ. ఇంటిపేరు, అసలు పేరు రెండూ కలిపి గివెన్ నేమ్‌లో రాసేశారు. అమెరికా వీసా మీద అప్పుడు ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదని. 2022 నవంబర్‌లో యూఏఈ ఒంటి పేరు పాస్‌పోర్టులకు విజిట్ వీసా ఇవ్వమని చెప్పినప్పుడు మా మామయ్య టికెట్ కొనేసి ఉన్నారు. కొన్ని రోజులకు పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే చాలని వివరణ వచ్చింది. ఆ మధ్యలో రోజుకు నాలుగుసార్లు నాకు ఫోన్. టికెట్ మీద పేరు, వీసా మీద పేరు, పాస్‌పోర్టు మీద పేరు మూడూ ఒకేలా ఉండేలా చూసుకోండి. వీలైతే రెన్యువల్ అప్పుడు ఇంటిపేరును దాని గడిలో పెట్టించేయండి.

రైలుపట్టా
ఆరు నెలల రూల్ కూడా. మా ఆఫీసులో ఐదుగురం సింగపూర్ వెళ్తుంటే ఒకడి పాస్‌పోర్టుకు ఐదు నెలల ఇరవై రోజులే మిగిలింది. నలుగురం వెళ్లాం. వాడి కోసం తెచ్చిన చకోడీలు మేమే తిన్నాం, ఒక్కరికీ రుచించలేదు.

పాస్‌పోర్ట్_పిచ్చి
పాపం. అమెరికాకు మాత్రం మన పాస్‌పోర్టుకు ఆ షరతు లేదు, అక్కడ ఉన్నన్నాళ్లు చెల్లితే చాలు. కానీ దారిలో దుబాయ్‌లో ఊరు చూద్దామనుకుంటే ఆరు నెలలు ఉండాల్సిందే. థాయ్‌లాండ్ వెళ్లేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి. 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు ముందే నింపాలి, డబ్బేమీ కట్టక్కర్లేదు.

పిఠాపురం_పంతులమ్మ
మా అమ్మాయి టొరంటోలో మారే టికెట్ చౌకగా ఉందని చూస్తోంది. న్యూయార్క్ వెళ్లడానికి. నాకు అమెరికా వీసా ఉంది. పర్వాలేదా?

కౌంటర్_పాతకాపు
ఇప్పుడే తీసుకోవద్దమ్మా. మన పాస్‌పోర్టుకు అమెరికా వీసా ఉన్నా కెనడాలో విమానం మారాలంటే కెనడా ట్రాన్సిట్ వీసా కావాలి. 48 గంటల్లోపు అయితే వీసా ఫీజు లేదు కానీ అప్లై చేసి, అది వచ్చాకే ప్రయాణం. అలాగే రెండు వేర్వేరు పీఎన్‌ఆర్‌లు కలిపి చౌక చేసిన టికెట్లు కూడా పెద్దవాళ్లకు తీసుకోకండి. మధ్యలో సామాను తీసుకుని మళ్లీ చెకిన్ చేయాల్సి వస్తే ఆ దేశంలోకి వెళ్లడానికి వీసా అడుగుతారు.

పిఠాపురం_పంతులమ్మ
బతికించారు బాబూ. మరి ఏ దారి మంచిదంటారు?

డల్లాస్_వదిన
మా అమ్మావాళ్లు ఎప్పుడూ అబూధాబి మీదుగా వస్తారు. అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, 2014 నుంచి ఉంది ఆ ఏర్పాటు. ఏదైనా తేడా వచ్చినా సగం దారిలోనే తెలుస్తుంది. ఇక్కడ దిగాక లోపలి ప్రయాణికుల్లాగే సామాను తీసుకుని బయటికి వచ్చేయడమే. వీల్‌చెయిర్ కూడా పెట్టించండి. నడవలేక కాదు, తోడు ఉండే మనిషి భాష చూసుకుంటారు.

తెనాలి_కుర్రాడు
అందరికీ అప్‌డేట్. రెండు రోజులు పట్టింది. మొదటిసారి మాట్లాడినవాళ్లు పాస్‌పోర్ట్_పిచ్చి గారు చెప్పినట్టే "మీరు అంగీకరించారు" అన్నారు. పాతకాపు గారు చెప్పిన మాటనే రాసి, రెండు పీడీఎఫ్‌లు జతచేసి పంపాను. నిన్న సాయంత్రం పైవాళ్లెవరో ఫోన్ చేసి, ఛార్జీ లేకుండా ఢిల్లీ, ఫ్రాంక్‌ఫర్ట్, నేరుగా చికాగో వేశారు. ప్రయాణం ఎల్లుండి. క్యాబ్ ఖర్చు, గంటన్నర నిలబెట్టడం, వాటి గురించి ఏమీ అనలేదు. దానిమీద ఎయిర్‌సేవాలో విడిగా రాశాను.

నాన్న ఈసారి టికెట్ పేపర్ మీద "ఫ్రాంక్‌ఫర్ట్ ఒక్కటే" అని ఎర్ర పెన్నుతో గీత గీసుకున్నారు. అమ్మ కాయం డబ్బా విప్పి, పాడవలేదని చూసుకుని, మళ్లీ సర్దిందట.

గోదారి_గట్టు
హమ్మయ్య. చెల్లికి డేట్ ఎప్పుడు?

తెనాలి_కుర్రాడు
వచ్చే మంగళవారం. వీళ్లు శనివారం దిగుతారు.

కౌంటర్_పాతకాపు
సంతోషం తమ్ముడూ. తిరుగు టికెట్ చూశావా? అది ఏ దారి?

తెనాలి_కుర్రాడు
ఇప్పుడే తెరిచాను. చికాగో, మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్, ఢిల్లీ. అదీ మార్చేశారు ఆ మెయిల్లోనే. మళ్లీ ఫోన్ చేస్తున్నాను.